కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి

హాలిస్ గాజు బల్ల మీద పాత తువ్వాలు పరిచి, మూడు పిస్టళ్లు దాని మీద వరసగా పెట్టాడు. ఒక్కొక్కదాని ముందు దానికి సరిపడే తూటా ఒకటి నిలబెట్టాడు.

"ముట్టుకో వెర్లన్. కరవవులే," అన్నాడు.

కొట్టు వెనక తొట్లలో ఎర చేపలకు గాలి పంపే మోటారు గుడగుడమంటోంది. హాలిస్ షెరిఫ్ దగ్గర డిప్యూటీగా, అంటే పోలీసుగా చేసి రిటైరయ్యాక ఈ కొట్టు పెట్టుకున్నాడు. గాలాలు, ఎరలు, తుపాకులు అమ్ముతాడు. మా చర్చిలో నాలాగే డీకన్, సంఘ పెద్ద. అతని పక్కన స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్నవాడు కర్బీ. ఇంటింటికీ గ్యాసు బండి తోలతాడు. ఆ వసంతంలో మా సంఘం కాపలాకు ముగ్గురిని ఎంచుకుంది. వాళ్లిద్దరూ, నేనూ.

నన్ను ఎంచుకోవడానికి కారణం, నేను చర్చి గుమ్మం దగ్గర ఉంటాను. ఆదివారం పొద్దున ఎవరు మెట్లెక్కినా మొదట నా చెయ్యే పట్టుకుంటారు. మా నాన్న పోయినప్పటినుంచి ఆ పని నాది. గడ్డి కోసుకుని, పశువుల్ని మేపుకుని బతికేవాణ్ణి. చర్చిలో పాడలేను, వాక్యం చెప్పలేను. చెయ్యి కలపడం వచ్చు.

ఇక కాపలా ఎందుకు అవసరమైందంటే, నా చెల్లెలి కొడుకు రాయిస్ వల్ల. వాడు తాగి వచ్చి భార్య జేనెల్ మణికట్టు విరగ్గొట్టాడు. ఆమె దగ్గరికి గానీ, ఇద్దరు ఆడపిల్లల దగ్గరికి గానీ పోకూడదని కోర్టు కాగితం ఇచ్చింది. జేనెల్ పిల్లలతో మా చర్చికే వస్తుంది. వాడు పెట్రోలు బంకు దగ్గర నలుగురిలో నిలబడి, "ఒక ఆదివారం వచ్చి నా పిల్లల్ని తీసుకుపోతా. ఎవడు ఆపుతాడో చూస్తా," అన్నాడట. ఆ మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది.

అంటే ఆ తువ్వాలు మీద నేను ఏరుకోవలసింది రాయిస్ కోసం. కొట్లో ఎవరూ వాడి పేరెత్తలేదు. "వాడు" అన్నారు, "వచ్చేవాడు" అన్నారు, అంతే.

"పెద్దదాంతో మొదలెడదాం," అన్నాడు హాలిస్. "నలభై ఐదు. మా నాన్న యుద్ధంలో వాడింది ఇదే."

"ఒక్కటి చాలు," అన్నాడు కర్బీ. "ఎలాంటివాడైనా కూలబడాల్సిందే. నా దగ్గర ఉన్నదీ అదే."

"నీ చేతిలో ఎవడు కూలబడ్డాడోయ్?" అన్నాడు హాలిస్. "నువ్వు కూల్చింది ప్రసంగం మధ్యలో నిద్రపోయి పాటల పుస్తకాల అలమర."

కర్బీ నవ్వలేదు. నేను నలభై ఐదుని చేతిలోకి తీసుకున్నాను. బరువుంది. నా కుడి బొటనవేలు ఒకప్పుడు గేటుకూ స్తంభానికీ మధ్య నలిగింది. కోడెదూడ తోసింది. అప్పటినుంచి గట్టిగా ఏం పట్టుకున్నా వేలి మొదట్లో కలుక్కుమంటుంది. పిస్టలు కింద పెట్టి అన్నిటికన్నా చిన్నదాని మీద వేలు పెట్టాను.

"ఇది?"

"అది మా అత్తగారి హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది," అన్నాడు కర్బీ. "పెదాల రంగు పక్కన."

"నువ్వాగు," అని హాలిస్ నావైపు తిరిగాడు. "ఇది మూడు ఎనభై. వెనక్కి తన్నదు, నీ వేలికి హాయి. కానీ దీనికి ఆపే శక్తి తక్కువ."

"ఆపకపోతే?"

"ఇంకోటి కాల్చాలి. అదీ చాలకపోతే ఇంకోటి. ఆగేదాకా."

చిన్నది కాస్త దయగా ఉంటుందనుకున్నాను. మనిషిని గాయపరిచి వదిలేస్తుందనుకున్నాను. చిన్నదైతే ఎక్కువసార్లు కాల్చాలని నాకు తట్టలేదు. వేలు వెనక్కి తీసుకున్నాను.

"అందుకే మధ్యది," అన్నాడు హాలిస్. "తొమ్మిది ఎం.ఎం. మనం ముగ్గురం ఒకే సైజు పెట్టుకుంటే ఒకరి తూటాలు ఒకరికి పనికొస్తాయి. కర్బీ మార్చుకుంటాడు."

"నేను మార్చుకోను."

"మార్చుకుంటాడు," అని హాలిస్ ఆ తూటా తీసి నా అరచేతిలో పెట్టాడు. "దీని ముక్కులో గుంట చూడు. ఒంట్లోకి పోగానే విచ్చుకుంటుంది. విచ్చుకుని లోపలే ఉండిపోతుంది. వెనక ఉన్నవాళ్లకి తగిలే భయం తక్కువ. మన గుమ్మం వెనక ఏముంది? నడవా. నడవా పక్కన పసిపిల్లల గది. మీ ఆవిడ ట్వైలా అక్కడే కదా ఉండేది? ఆ గోడ ఎంత? అట్టముక్క. గురి తప్పితే ఏ సైజైనా దూసుకుపోతుంది. తగిలితే మాత్రం ఇది వాడి దగ్గరే ఆగుతుంది."

లోపలే ఉండిపోతుంది. ఇంకెవరికీ తగలకుండా మొత్తం వాడికే. అది విన్నాక ఆ తూటా నా అరచేతిలో వెచ్చబడ్డట్టు అనిపించింది. తువ్వాలు మీద పెట్టేశాను.

"కాలి మీద కాల్చొచ్చు కదా?" అన్నాను.

కర్బీకి కాఫీ పొలమారింది. హాలిస్ నవ్వలేదు. అతనిలో నాకు నచ్చేది అదే.

"అది టీవీలో అవుతుంది వెర్లన్. పరిగెత్తే కాలికి నువ్వూ నేనూ తగిలించలేం. తగిలినా కాల్లో పెద్ద రక్తనాళం ఉంటుంది, అప్పుడూ అంతే. మనం చంపడానికి కాల్చం. ఆపడానికి కాలుస్తాం. ఆ తేడా నీకు తెలియాలి."

ఆ తేడా నాకు అర్థమైనట్టే ఉంది. కానీ వాడు తనంతట తాను ఆగిపోతే? అది ఎలా ఉంటుందో, ఎలా తెలుస్తుందో ఎవరూ చెప్పలేదు. అడిగితే మళ్లీ కాఫీ పొలమారుతుందని ఊరుకున్నాను.

"మధ్యది బాగా అమ్ముడుపోతుంది," అన్నాడు హాలిస్ పిస్టళ్లు సర్దుతూ. "కిందటేడు కూడా మీ..." అని ఆగిపోయాడు. తువ్వాలు మడిచాడు. "అప్పటికి కోర్టు కాగితం లేదు. ఉంటే నేను అమ్మేవాణ్ణి కాదు. తర్వాత దాన్ని ఎవరికో అమ్మేశానని వాడు షెరిఫ్ ఆఫీసులో చెప్పాడట."

"నిజంగా అమ్మేశాడా?" అన్నాను.

"చెప్పాడు," అన్నాడు హాలిస్.

*

నేను ఒప్పుకోకుండా ఉండొచ్చు కదా అని మీరనొచ్చు. ట్వైలా కూడా అంది. చిక్కుళ్లు ఉడుకుతున్న గిన్నె కలుపుతూ, నావైపు తిరగకుండా అంది.

"గుమ్మం దగ్గర ఇంకెవరినైనా నిలబెట్టమను. నీకు వేలు బాగాలేదని చెప్పు. అబద్ధం కాదుగా."

"నిలబెడతారు. కర్బీని."

ఆమె గరిటె ఆపింది. "చిక్కుళ్లలో ఉప్పు చూడు," అంది.

మర్నాడు నా చెల్లెలు ఒలీటా వచ్చింది. చేతిలో పెకాన్ గింజలతో కాల్చిన తీపి రొట్టె, 'పై'. ఒలీటా పై తెచ్చిందంటే ఏదో అడగబోతోందని అర్థం, చిన్నప్పటినుంచీ. వరండాలో కూర్చుంది. పై నా ఒళ్లో పెట్టింది.

"నువ్వేనటగా అన్నయ్యా గుమ్మం దగ్గర."

"ఎప్పుడూ నేనేగా."

"తుపాకీతో కాదుగా ఎప్పుడూ." కొంగల గుంపేదో చెరువు మీదుగా పోతుంటే అటు చూసింది. "నువ్వుండడమే మంచిదిలే. హాలిస్ అయితే వాణ్ణి చూడగానే 'వచ్చేవాడు' అనుకుంటాడు. నువ్వు 'రాయిస్' అనుకుంటావు. కొంచెం ఆగుతావు. ఆగుతావు కదూ?"

"వాణ్ణి రావద్దని చెప్పు ఒలీటా."

"నేను చెప్పింది వింటే వాడికి ఇల్లూ పెళ్లామూ ఉండేవి," అంది. "ఆగుతావా లేదా చెప్పు."

ఆగుతానన్నాను. ఇంకేమంటాను? వాడికి ఈత నేర్పింది నేను. పన్నెండేళ్లప్పుడు వాడు మా ట్రాక్టరును చెరువులో దింపితే ఇద్దరం కలిసి బయటికి లాగాం. వాళ్లమ్మకు చెప్పలేదు.

ఆ బుధవారం చర్చిలో భోజనాలప్పుడు జేనెల్ నా పక్కకు వచ్చి కూర్చుంది. చేతికి కట్టు విప్పేశారు. మణికట్టు దగ్గర చర్మం తెల్లగా, వేరే మనిషిదేమో అన్నట్టుంది. పిల్లలిద్దరూ అవతలి బల్ల దగ్గర మొక్కజొన్న రొట్టె పొడి చేసి పాలలో వేసుకుంటున్నారు.

"మావయ్యగారూ, గుమ్మం దగ్గర మీరున్నారంటేనే నేనొస్తున్నాను," అంది. "వేరేవాళ్లయితే వాడు నవ్వించి మాటల్లో పెట్టి లోపలికొచ్చేస్తాడు. మీకు వాడి సంగతి తెలుసు. మీరు ఒక్క క్షణం కూడా ఆలోచించరు. అవునా?"

పళ్లెం వైపు చూస్తూ అవునన్నాను.

ఇలా ఇద్దరికి మాటిచ్చాను. ఒకరికి ఆగుతానని, ఒకరికి ఆగనని. ఇద్దరూ నన్నే నమ్మారు, ఒకే కారణానికి నమ్మారు: వాడు నాకు తెలుసని. ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని దేవుణ్ణి అడుగుదామనుకున్నాను. ప్రార్థనలో తూటా సైజు మాట ఎలా ఎత్తాలో తెలియలేదు. వానల గురించీ, పశువుల గురించీ, చెల్లెలి గురించీ అడిగాను. ఆ మాట దగ్గరకొచ్చేసరికి నోరు మూతపడింది. అడిగితే ఏదో ఒకటి చెప్తాడేమోనని భయమేసిందనుకుంటాను. చెప్పినది ఏదైనా నేను చెయ్యవలసి ఉంటుంది.

చివరికి తొమ్మిదే తీసుకున్నాను. దానిమీద ఇష్టమై కాదు. పెద్దది వేలు పట్టనివ్వలేదు, చిన్నది మనసు పట్టనివ్వలేదు.

*

హాలిస్ మమ్మల్ని పాత కంకర గోతుల దగ్గరికి తీసుకెళ్లి సాధన చేయించాడు. కాగితం మీద అచ్చేసిన మనిషి నీడను చెక్కకు కొట్టి నిలబెట్టాడు. ముఖం లేదు, చేతుల్లేవు, ఛాతీ ఉంది. నా గురి బాగుంది. ఉడతల్ని కొడుతూ పెరిగినవాణ్ణి. కర్బీకన్నా నాదే బాగుంది. హాలిస్ మెచ్చుకుంటుంటే సిగ్గేసింది. అంతకన్నా సిగ్గు, లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది.

"ఇప్పుడు అసలు సంగతి," అన్నాడు హాలిస్. "చెయ్యివ్వు."

ఇచ్చాను. గబుక్కున పట్టుకుని వదల్లేదు.

"తియ్యి పిస్టలు."

తియ్యలేను. తుపాకీ కుడి నడుముకుంది. కుడిచెయ్యి అతని చేతిలో ఉంది.

"చచ్చావు," అన్నాడు హాలిస్. "నువ్వూ, నీ వెనక ఉన్నవాళ్లూ. ఇవాళ్టినుంచి నీ కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి. ఎవరికీ ఇవ్వకు. ఎడం చెయ్యివ్వు."

"గుమ్మం దగ్గరా? ఎడం చెయ్యా?"

"వేలు నొప్పని చెప్పు."

మా సంఘంలో కుడిచేతికి ఒక పద్ధతుంది. ఎవరైనా బాప్తిస్మం పొంది కొత్తగా చేరితే ఆరాధన అయ్యాక ముందు నిలబెడతాం. అందరం వరసలో వెళ్లి కుడిచెయ్యి ఇస్తాం. ఆ చెయ్యి ఇచ్చామంటే నువ్వు మావాడివి అని చెప్పినట్టు. ముసలివాళ్లు చేతికర్ర ఎడంచేతికి మార్చుకుని మరీ ఇస్తారు. రాయిస్ పద్నాలుగేళ్లప్పుడు చేరాడు. నేను డీకన్‌ని, పైగా మేనమామని, కనక వరసలో మొదటివాణ్ణి నేను. వాడి జుట్టునుంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి చల్లగా తడిగా ఉంది, చేప పట్టుకున్నట్టు. "మావయ్యా, అందరూ చూస్తున్నారు, వదులు," అన్నాడు గుసగుసగా.

ఆ తర్వాతి ఆదివారం నుంచి నేను ఎడం చెయ్యి చాపడం మొదలుపెట్టాను. మొదటి వారం జనం తడబడ్డారు. తమ కుడిచెయ్యి సగం ఎత్తి, దించి, ఎడంది ఎత్తి, బైబిలు చెయ్యి మార్చుకుని, మెట్ల మీద చిన్న ట్రాఫిక్ జామ్ అయింది.

"ఏమయ్యా, రాజకీయాల్లో చేరావా? రెండో చేత్తో ఏం దాస్తున్నావ్?" అన్నాడు ఒక ముసలాయన.

"వేలు నొప్పి."

"మా ఆవిడకీ అంతే. వంటప్పుడు మాత్రమే."

కోటు కింద ఏముందో అందరికీ తెలుసు. వేలు గురించే అడిగేవారు. ఎవరికి వారు ఒక మందు చెప్పారు. ఒలీటా మాత్రం ఎడం చెయ్యి ముట్టుకోకుండా తలూపి లోపలికి పోయేది.

*

రాయిస్ వచ్చిన ఆదివారం వాన వెలిసింది. పాట మొదలైంది. ఆలస్యంగా వచ్చేవాళ్లు కూడా వచ్చేశారు. నేను తలుపు మూయబోతున్నాను. వాడి పికప్ వచ్చి కార్ల వరస చివర ఆగింది. వాడు దిగి నడిచి వచ్చాడు. పరిగెత్తలేదు, తూలలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకుంటూ ఒకచోట తెగింది. టోపీ తీసి కుడి చంకలో పెట్టుకున్నాడు, మళ్లీ ఎడం చంకలోకి మార్చుకున్నాడు.

నడవా అవతలి చివర కాఫీ బల్ల దగ్గర హాలిస్ ఉన్నాడు. కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. కర్బీ లోపల ముందు వరస దగ్గర ఉన్నాడు. అతనికి ఇది కనబడదు. అందుకు దేవుణ్ణి స్తుతించాను.

రాయిస్ పై మెట్టు మీద ఆగాడు. అలవాటైపోయి నా ఎడం చెయ్యి ముందుకు పోయింది.

వాడు దానివైపు చూశాడు.

"ఎడం చెయ్యా మావయ్యా? నాకా?"

"వేలు..." అన్నాను.

వాడి చూపు నా కోటు మీదికి వెళ్లింది, కుడి నడుము దగ్గర ఉబ్బుగా ఉన్నచోట ఆగింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఏదో కొత్త కత్తి కొన్నామంటే చూపించమని అడిగే కుర్రాడి ముఖం పెట్టాడు.

"నా కోసమేనా?" అన్నాడు. "ఏ సైజు తీసుకున్నావ్?"

"తొమ్మిది."

"మంచిదే. నాదీ అదే." ఒక అడుగు ముందుకు వేశాడు. వాడి దగ్గర సారా వాసన లేదు, సబ్బు వాసన ఉంది. "నలభై ఐదు తీసుకుంటావనుకున్నా. తాత దగ్గర అదే ఉండేది."

"వేలు పట్టనివ్వలేదు."

"కోడెదూడ తోసినప్పుడు. నేనే కదా గేటు పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు." అలా అని కుడిచెయ్యి చాపాడు. "పోనీలే. సరిగ్గా చెయ్యివ్వు. లోపలికి పోతాను. వెనక వరసలో కూర్చుంటాను. ఇవాళ పిల్లలు పాడుతున్నారని అమ్మ చెప్పింది."

పొడుగ్గా చెప్తున్నాను గానీ ఇదంతా ఒక పాట రెండో చరణం అయ్యేలోపు జరిగింది. నా కుడిచెయ్యి కోటు అంచు దగ్గర ఉంది. హాలిస్ నేర్పినట్టే ఖాళీగా ఉంది. ఆ చెయ్యి ఒలీటాకు మాటిచ్చింది, జేనెల్‌కు మాటిచ్చింది. వాడు చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. నవ్వించి మాటల్లో పెడతాడని జేనెల్ అంది. నవ్వించలేదు, మాటల్లో మాత్రం పెట్టాడు. వాడి చొక్కా వెనక నడుముకు ఏం దోపుకున్నాడో నాకు కనబడదు. నా వెనక నడవా, దాని పక్కన ట్వైలా పసిపిల్లలతో. వాడు ఆగినట్టా, ఆగనట్టా?

కుడిచెయ్యి తీసి వాడికిచ్చాను.

ఇచ్చి పట్టుకున్నాను. చెమటతో తడిగా ఉంది, చల్లగా ఉంది. గట్టిగా పట్టుకున్నాను. వాడి కుడిచెయ్యి నా చేతిలో ఉన్నంతసేపూ వాడు తియ్యలేడు, నేనూ తియ్యలేను. పట్టుకునేటప్పుడు ఆలోచించి పట్టుకోలేదు. పట్టుకున్నాక తెలిసింది.

"మావయ్యా, అందరూ..." అని నవ్వబోయాడు. నేను వదలకపోయేసరికి ఆ నవ్వు పోయింది. "వదులు."

"వదలను."

"వదులు మావయ్యా. లోపలికి పోవాలి."

"నువ్వు పోకూడదు. కాగితం ఉంది."

లాగాడు. బొటనవేలి మొదట్లో ఏదో తెగినట్టు కలుక్కుమంది. వెనకనుంచి హాలిస్ మెల్లగా, "వెర్లన్, పక్కకి జరుగు," అన్నాడు. జరిగితే హాలిస్‌కూ రాయిస్‌కూ మధ్య ఏమీ ఉండదు. జరగలేదు. "వెర్లన్, జరగమంటున్నా," అన్నాడు మళ్లీ. ఆ గొంతు నాకు తెలియదు, డిప్యూటీ గొంతు. నా వీపు ఒక గోడలా అక్కడే ఉండిపోయింది.

గుమ్మం పక్కన చెక్క బెంచీ ఉంది, ముసలివాళ్లు బూట్లు తుడుచుకోవడానికి. చెయ్యి వదలకుండా వాణ్ణి ఆ బెంచీ మీదికి లాగి పక్కన కూర్చున్నాను, హాలిస్ వైపు నేను ఉండేలా. ఇద్దరం కుడిచేతులు పెనవేసుకుని, మెలితిరిగి, పెళ్లి ఫోటోకు సరిగ్గా కూర్చోవడం రానివాళ్లలా కూర్చున్నాం. లోపల పియానో మారింది. పిల్లలు మొదలుపెట్టారు. రాయిస్ లాగడం ఆపాడు.

"అది చిన్నదాని గొంతు," అన్నాడు. "అందరికన్నా ముందే అందుకునేస్తుంది."

నిజమే. ఒక గొంతు అందరికన్నా అరమాట ముందు పోతోంది. ఇద్దరం విన్నాం. వాడు తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. వేలు మంటపుడుతోంది. ఆ కాస్తసేపూ వాడు వినడానికే వచ్చాడని నమ్మాను. నమ్ముతూనే పట్టు సడలించలేదు.

పాట అయిపోయేలోపు కంకర మీద టైర్ల చప్పుడైంది. హాలిస్ ఫోన్ చేసినట్టున్నాడు. షెరిఫ్ కారు ఆగింది. రాయిస్ కళ్లు తెరిచి ఆ కారును చూశాడు, మా చేతుల్ని చూశాడు.

"ఓహో," అన్నాడు. "అందుకా పట్టుకున్నావ్."

కాదనడానికి నోరు తెరిచాను. ఏ మాట చెప్పినా సగం అబద్ధమవుతుందనిపించింది. మూసుకున్నాను.

డిప్యూటీ కుర్రాడు మెట్లెక్కి వచ్చి, "అయ్యా, ఇక వదలండి," అన్నాడు నాతో. వదలబోయాను. వేళ్లు రాలేదు. బొటనవేలు బిగుసుకుపోయింది. ఆ అబ్బాయి, రాయిస్, ఇద్దరూ కలిసి నా వేళ్లు ఒక్కొక్కటి విప్పవలసి వచ్చింది. "మెల్లగా, ఆయనకి ఆ వేలు బాగాలేదు," అన్నాడు రాయిస్ డిప్యూటీతో. తర్వాత బేడీలకు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, వాడంతట వాడే.

వాడి ఒంటి మీద ఏమీ దొరకలేదు. అమ్మేశానన్న పిస్టలు పికప్ సీటు కింద దొరికింది, నిండుగా. మా చర్చి ముందు ఆగిన బళ్లలో సగం సీట్ల కింద అలాంటిది దొరుకుతుంది. డిప్యూటీ తూటాలు తీసి సంచిలో వేస్తుంటే హాలిస్ ఒకటి చూసి ముఖం తిప్పుకున్నాడు. ముక్కులో గుంట ఉన్నవి, అతని కొట్లోవే. నా నడుముకు ఉన్నవీ అవే.

*

"నీ మంచితనం వల్ల గండం గడిచిందనుకోకు," అన్నాడు హాలిస్, తర్వాతి వారం కొట్లో. "వాడు తుపాకీ బండిలో వదిలాడు కనక గడిచింది. నువ్వు నాకు అడ్డంగా నిలబడ్డావు. నీకు చెప్పాను."

"చెప్పావు."

"ఎందుకు వదిలాడంటావ్ బండిలో?"

"తెలీదు."

"నాకూ తెలీదు," అన్నాడు. కాసేపు చేపల తొట్టి వైపు చూశాడు. "తెలిస్తే బాగుండేది."

నా బొటనవేలు కదలకుండా డాక్టరు బద్ద కట్టాడు. నరమేదో చిట్లిందట. మళ్లీ మునుపటిలా పట్టు రాదన్నాడు. రాయిస్ జైల్లో ఉన్నాడు. ఎప్పటికీ ఉండడు. ఈ ఏడు గడిచాక వస్తాడని ఒకరు, ఇంకా ముందే వస్తాడని ఒకరు అంటున్నారు. జేనెల్ నాకు కృతజ్ఞతలు చెప్పింది. చెప్తూ ఒక అడుగు దూరంగా నిలబడింది. నేను ఆలోచించానని ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు.

హాలిస్ బల్ల మీద తువ్వాలు పరిచాడు. ఈసారి ఒకటే పెట్టాడు, చిన్నది.

"మూడు ఎనభై. నీ ఎడం చేతికి ఇదైతేనే కుదురుతుంది. దెబ్బ తక్కువని చెప్పాను కదా. రెండు మూడుసార్లు కాల్చడం సాధన చేద్దాం."

"నేను మానేస్తే?"

"మానెయ్యి. కర్బీ సిద్ధంగా ఉన్నాడు. మళ్లీ నలభై ఐదు పెట్టుకుంటానంటున్నాడు."

దాన్ని ఎడంచేతిలోకి తీసుకున్నాను. అరచేతిలో ఇమిడిపోయింది. అసలు బరువే లేదు.

ఆ ఆదివారం గుమ్మం దగ్గర నిలబడ్డాను. కుడిచేతికి బద్ద, ఎడంచెయ్యి ఖాళీగా. ఎవరికీ ఏ చెయ్యీ ఇవ్వలేకపోయాను. తల వంచి, "రండి, రండి," అన్నాను. జనం భుజం తట్టి లోపలికి పోయారు. అందరికన్నా చివర ఒలీటా మెట్లెక్కింది. ఆ రోజు తర్వాత నాతో మాట్లాడలేదు. నా ముందు ఆగింది. ఎడంచేతి వైపు చూసింది, కోటు ఎడమవైపు ఉబ్బుగా ఉన్నచోట చూసింది. తర్వాత బద్ద కట్టిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నొప్పిగా ఉందా అన్నయ్యా?"

"ఉంది."

"ఉండనీ," అంది. ఇంకాసేపు పట్టుకుని, లోపలికి వెళ్లింది.